మిగులు

టేపు ఆ కొస నేను పట్టుకుంటాలే, ఇలా ఇవ్వు.
ఆ బండ మీద కాలు పెట్టకు, జారుతుంది.
చచ్చిన నాచు బతికిన నాచు కన్నా మోసకారి.

అదిగో, సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ,
నీ పాదాల దగ్గర మొదలై నా తల దాటి పోయింది చూడు,
అదంతా ఆ రాత్రికి ముందు నీళ్లలోనే ఉండేది.
గులాబిరంగు నాచు. ఎండకి పాలిపోయింది.
నువ్వు రాసుకోబోయే అంకె నాకు తెలుసు.
మా ఆయన ఒనోఫ్రే తెడ్డుతో ఎప్పుడో కొలిచాడు:
ఒక తెడ్డు, పైన ఒక జాన.

మా ముసలమ్మల కథలో రెండు పాములు.
సముద్రాన్ని లేపేది కాయ్‌కాయ్.
మనుషుల్ని వీపునెత్తుకుని కొండను లేపేది ట్రెంగ్‌ట్రెంగ్.
వాటి పంతమే ఈ లోకం అనేవాళ్లు.
నేనైతే ఆ రాత్రి ఏ పామునూ చూడలేదు.
చీకట్లో కోళ్లగంప చంకనెత్తుకుని
ఒంటికాలి చెప్పుతో గుట్టెక్కుతున్నాను,
నేల నిండుబిందెలా తొణికింది,
ఉన్నచోటే కూలబడ్డాను.

తెల్లారి దిగొచ్చాం.
కెరటం పడవల షెడ్డు పట్టుకుపోయింది, సరే.
వెనక్కి పోయిన సముద్రం మాత్రం
తన పాత గట్టుకి మళ్లీ రాలేదు.
మధ్యాహ్నం పోటుకి వస్తుందనుకున్నాం,
పున్నమికి వస్తుందనుకున్నాం.
మా ఆడబిడ్డ దొమితిలా నీళ్లకేసి చూస్తూ చూస్తూ అంది:
"అది ఎక్కడికీ పోలేదే. మనమే పైకొచ్చాం."

ఆ తర్వాత వాసన.
వారం తిరక్కుండా గుల్లలన్నీ నోళ్లు తెరిచాయి,
లోకో నత్తలు బండల్నించి వాటంతటవే రాలాయి.
పదేళ్లప్పుడు మా అమ్మ నా చేతికి కత్తిచ్చి
"నడుంలోతు దాటకు" అన్న చోటు ఇదే,
ఇప్పుడు నువ్వు పొడి బూట్లతో నిలబడ్డ చోటు.
మేం కోసి అమ్ముకునే కొచయూయో
బెల్టుల్లా ఎండి వేలాడింది, ఈగలకి కూడా పనికిరాక.
నాలుగేళ్లు కోత లేదు.
ఒనోఫ్రే రంపం మిల్లులో చేరాడు.
నేను పైగట్టున ఆలుగడ్డలు పెట్టాను.

ఆ గట్టు తవ్వితే గుల్లలు వస్తాయి, తెలుసా?
పార తగిలితే టక్కుమంటాయి.
ఎవరో పూర్వం విందు చేసుకున్నారని మా అవ్వ అనేది.
నిన్న నువ్వు వాటిని అరచేతిలో తిప్పి చూసి
"విందు కాదు పెద్దమ్మా, ఇదీ ఒకప్పటి తీరమే.
పర్వతాలు ఇలాగే పుడతాయి" అన్నావు.
వెనకాల నహుయెల్బుతా కొండల్ని చూపించావు.

రాత్రంతా అదే ఆలోచన.
అంటే ఆ కొండ మీద కూడా ఒకప్పుడు
ఇలాంటి కంపు కొట్టిందన్నమాట.

కానీ నువ్వు చెప్పిన రెండో మాటే నాకు నచ్చింది.
లేచిందంతా నిలవదన్నావు.
ఏడాదికి గోరు వెడల్పున నేల దిగిపోతుందన్నావు,
మళ్లీ ఓ రాత్రి ఎగిరి లేచేదాకా.
మరి మిగిలేదెంత అంటే
ఉప్పు పట్టినట్టు రెండువేళ్లు చూపించావు.

ఆ లెక్క నాకు కొత్తా!
మిల్లు జీతం చేతికి రాగానే
కొట్టువాడికింత, కట్టెలకింత, పిల్ల బస్సుకింత,
నెలాఖరున బిస్కెట్ల డబ్బాలో
ఠంగుమని పడేది ఒక్క నాణెం.
మంచు కప్పుకుని గొప్పగా నిలబడే కొండలన్నీ
ఆ డబ్బాలో చిల్లరేనన్నమాట.
ఎన్ని జీతాలు మింగితే అంత ఎత్తు!

కింది బండ మీద చూశావా,
వేలెడు కొచయూయో మొలిచింది, కొత్తది.
కత్తి ఉంది నా దగ్గర. కొయ్యలేదు.

సరే, బిగించి పట్టు. గాలికి టేపు ఊగుతోంది.
ఎంతొచ్చింది?
పోయినేటి కన్నా గోరంత తక్కువా?
రాసుకో.
సముద్రం తన వాయిదా వసూలు చేస్తోంది.